కుక్క చెవికి గంటు ఎందుకు?

మీ వీధిలో తిరిగే కుక్కలను ఎప్పుడైనా పరీక్షగా చూశారా? కొన్నిటికి ఒక చెవి కొసన చిన్న గంటు కనిపిస్తుంది. ఏ పోట్లాటలోనో తెగిందనుకుంటాం. కాని చాలాసార్లు అది పశువైద్యుడు, కుక్క మత్తులో ఉన్నప్పుడు, కావాలని పెట్టిన గుర్తు. "ఈ కుక్కకు పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేశాము, రేబిస్ టీకా వేశాము" అని దాని అర్థం. వీధికుక్కలకు ఈ శస్త్రచికిత్స చేయించాలని మన దేశంలో 2001లో నిబంధనలు వచ్చాయి. 2023లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి.

శస్త్రచికిత్స ఎలా చేస్తారో చూద్దాం. ముందటి రాత్రి నుంచి కుక్కకు ఆహారం పెట్టరు. ఎందుకో ఊహించండి. మత్తులో ఉన్న ప్రాణి మింగలేదు, దగ్గలేదు. కడుపులో ఆహారం ఉండి వాంతి అయితే, అది శ్వాసనాళంలోకి జారి ప్రాణం తీయవచ్చు. మత్తు ఎక్కాక పొట్టమీద గాని, డొక్క పక్కన గాని వెంట్రుకలు గొరిగి, సూక్ష్మజీవులను చంపే మందుతో శుభ్రం చేస్తారు.

ఆడకుక్క గర్భాశయం పంగలకర్ర ఆకారంలో ఉంటుంది. పంగలు రెండూ పొడవైనవి. కూనలు వాటిలోనే వరుసగా పెరుగుతాయి. ఒక్కొక్క పంగ చివర, మూత్రపిండానికి దగ్గరగా, ఒక అండాశయం ఉంటుంది. వైద్యుడు చర్మానికీ, దాని కింది పొరలకూ చిన్న గాటు పెట్టి వీటిని బయటికి తీస్తాడు. అండాశయానికి రక్తం తెచ్చే నాళాలను దారంతో బిగించి కట్టి, ఆ తరువాతే కోస్తాడు. ఆ ముడి వదులైతే లోపల రక్తస్రావం జరుగుతుంది. తరువాత పొరపొరగా కుట్లు వేస్తాడు. మగకుక్కకు వృషణాలు తీస్తారు. అవి పొట్టకు వెలుపలే ఉంటాయి కనుక పొట్ట కోయనక్కరలేదు. పిల్లులకూ ఇంచుమించు ఇదే పద్ధతి.

మరి చెవికి గంటు ఎందుకు? కుట్లు మాని వెంట్రుకలు పెరిగాక, ఆడకుక్కకు శస్త్రచికిత్స జరిగిందో లేదో పైకి తెలియదు. గుర్తు లేకపోతే దాన్ని మళ్లీ పట్టుకుని, మళ్లీ మత్తిచ్చి, మళ్లీ పొట్ట కోయవలసి వస్తుంది! ఆ బాధను చిన్న గంటు తప్పిస్తుంది.

"రేబిస్ ఆగడానికి టీకా ఒక్కటి చాలదా?" అని మీకు సందేహం రావచ్చు. లెక్క వేద్దాం. కుక్కలలో నూటికి 70కి టీకా పడితే వాటిలో రేబిస్ వ్యాప్తిని ఆపవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక ఊళ్లో 100 కుక్కలుంటే 70కి టీకా వేశామనుకోండి. ఆ 100లో 10 ఆడకుక్కలు ఈని, ఒక్కొక్కదానికి 4 కూనలు బతికాయనుకోండి. ఇప్పుడు మొత్తం కుక్కలు 140. టీకా పడినవి ఆ 70 మాత్రమే. అంటే నూటికి 50! కుక్క చూలు సుమారు 63 రోజులే. కనుక మన శ్రమ రెండు మూడు నెలల్లోనే చిల్లుకుండలో పోసిన నీళ్లవుతుంది. శస్త్రచికిత్స ఆ చిల్లును పూడుస్తుంది.

పెంపుడు కుక్కలకూ దీనివల్ల మేలుంది. గర్భాశయంలో చీము పట్టే ప్రమాదకరమైన జబ్బు ఆడకుక్కలకు రాకుండా ఉంటుంది. "ఒక్క ఈతైనా ఈనితేనే ఆరోగ్యం" అనే మాటకు ఆధారం లేదు. అయితే కుట్లు మానేదాకా, అంటే 10 నుంచి 14 రోజులు, కుక్క వాటిని నాకకుండా కాపాడాలి. అందుకే మెడకు గరాటు వంటి పట్టా కడతారు.

ఒక్క హెచ్చరిక. చెవికి గంటు ఉన్న కుక్క కరిస్తే భయం లేదనుకోకండి. టీకా బలం కాలంతో తగ్గుతుంది. ఎప్పుడు వేశారో గంటు చెప్పదు. ఏ కుక్క కరిచినా, ఏ పిల్లి రక్కినా గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగండి. ఇంట్లో పెద్దలకు చెప్పి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. ముందుగా వేయించుకునే టీకాలే రక్ష.

ఇక మీకొక పని. మీ వీధి కుక్కలను దూరం నుంచే లెక్కించండి. చెవికి గంటు ఉన్నవి ఎన్ని, లేనివి ఎన్ని? నూటికి ఎన్నో కట్టి చూడండి. 70కి తక్కువైతే ఆ లెక్కను మీ పంచాయతీ లేదా మునిసిపాలిటీ వారికి ఉత్తరం రాయండి.