ఆపరేషన్‌కి ముందే భుజానికి మార్కులు!

'కీలు మార్పిస్తే చెయ్యి మామూలుగా లేస్తుందా డాక్టరుగారూ?' భుజం కీలు అరిగిపోయినవాళ్లు ముందుగా అడిగేది ఇదే. డాక్టర్లు తమ అనుభవాన్నిబట్టి 'బాగానే ఉంటుందమ్మా' అంటారు. 2020లో అమెరికాలో ఈ జవాబు చెప్పే పని కంప్యూటర్‌కీ అప్పగించారు.

కృత్రిమ భుజం కీళ్లు తయారుచేసే ఎగ్జాక్‌టెక్ అనే కంపెనీ ఆ ఏడాది 'ప్రిడిక్ట్ ప్లస్' అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. దీని వెనకున్న విద్య పేరు మెషీన్ లెర్నింగ్. పేరు విని బెదరక్కర్లేదు. ఇదివరకు ఆపరేషన్ అయిన వేలమంది వివరాలు కంప్యూటర్‌కి ఇస్తారు. వయసెంత, ఏయే జబ్బులున్నాయి, చెయ్యి ఎంతవరకు లేచేది, తర్వాత ఎలా ఉన్నారు... ఇలా. అది వాటిలో పోలికలు పట్టుకుని, కొత్త పేషెంటు రాగానే 'ఇలాంటివాళ్లకి ఇలా జరిగింది' అని అంచనా కడుతుంది. మొదట ఒక్కొక్కరివి 291 వివరాలు తీసుకున్నారు. తర్వాత చూస్తే 19 వివరాలతోనూ దాదాపు అంత బాగానే చెప్పగలిగిందట!

ఇంతకీ అది అంచనా కట్టేది దేన్ని? ఇక్కడే మనం కాస్త చెవి ఒగ్గాలి. అందులో ముఖ్యమైనది ఏఎస్ఈఎస్ స్కోరు. మొత్తం నూరు మార్కులు. 50 నొప్పికి, 50 పది పనులకి. కోటు తొడుక్కోవడం, నొప్పి వైపు ఒత్తిగిలి పడుకోవడం, తల దువ్వుకోవడం, వీపు రుద్దుకోవడం లేదా వెనక బ్రా హుక్ పెట్టుకోవడం, బాత్‌రూమ్‌లో శుభ్రం చేసుకోవడం, ఎత్తులో ఉన్న అర అందుకోవడం, బంతి విసరడం వంటివి. ఒక్కో పనికి 5 మార్కులు. అంటే బంతి విసరడానికీ, వెనక హుక్ పెట్టుకోవడానికీ ఒకే విలువ! మనలో రోజూ బంతి విసిరేదెవరు?

ఇది వట్టి వేళాకోళం కాదు. కీలు మార్పిడిలో రెండు రకాలున్నాయి. ఒకటి దేవుడిచ్చిన కీలులాంటిదే. ఎముక మీద బంతి, భుజం పలకకి గిన్నె. రెండోది 'రివర్స్'. ఇందులో బంతి, గిన్నె చోట్లు మారతాయి. భుజం చుట్టూ ఉండే కండరాలు బాగా చిరిగిపోయినవాళ్లకి ఇది వరమే. చెయ్యి చక్కగా పైకి లేస్తుంది. కానీ వీపు వెనక్కి పోవడం మాత్రం చాలామందికి అంతగా మెరుగుపడదు. ఆ ఒక్క పనీ రాకపోతే పోయేది 5 మార్కులే. నూటికి 95 వచ్చిన భుజం కూడా జాకెట్ వెనక హుక్ అందుకోలేకపోవచ్చన్నమాట!

ఇంకో సంగతి. ఈ యంత్రం నేర్చుకున్నది ఆ కంపెనీ కీళ్లు వేయించుకున్నవాళ్ల నుంచే. 2004 నుంచి 2021 ఆగస్టు దాకా లోపమున్న ప్యాకింగ్‌లో వచ్చిన ఆ కంపెనీ భుజం కీళ్లు త్వరగా అరిగిపోవచ్చని 2024 జనవరిలో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ప్యాకింగ్ సంగతి పేషెంటు వయసూ, నొప్పీ అడిగే లెక్కకి ఎలా అందుతుంది?

అందుకే ఎవరైనా 'మీకు ఇన్ని మార్కులు వస్తాయి' అంటే అక్కడితో ఆగకండి. జడా, పమిట పిన్నూ, అటక మీద డబ్బా... మీకు ఏది లేనిదే రోజు గడవదో విడిగా చెప్పి అడగండి. ఎడమచేత్తో కడుక్కునే అలవాటున్న మనకి, మార్చేది ఎడమ భుజమైతే ఆ మాట కూడా సిగ్గుపడకుండా డాక్టర్‌కి చెప్పాల్సిందే.