పొగగొట్టంలో సాక్షి

బెంగళూరు సిల్క్ బోర్డు కూడలిలో ఎర్ర దీపం పడితే చాలు, పాత కారు జాతకం బయటపడిపోతుంది. పరుగు మీద ఉన్నంతసేపూ బుద్ధిగా ఉన్న ఇంజను న్యూట్రల్‌లోకి రాగానే వణుకు మొదలుపెడుతుంది. గేరు రాడ్డు జలదరిస్తుంది. ఏసీ వేస్తే ఆగిపోయేంత పని చేస్తుంది. డ్యాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ పసుపుపచ్చగా వెలుగుతుంది. లక్షా ఎనభై వేల కిలోమీటర్లు తిరిగిన బండి. మూలగకపోతేనే వింత.

మర్నాడు గ్యారేజీలో స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌కి స్కానర్ తగిలిస్తారు. తెర మీద కోడు వస్తుంది: పీ 0171. మిశ్రమం లీన్‌గా ఉంది, అంటే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైంది. ఈ కబురు కంప్యూటరుకి మోసింది ఎవరు? సైలెన్సర్ గొట్టంలో బిగించిన ఆక్సిజన్ సెన్సర్. అయితే అదే పోయుంటుంది, మార్చేద్దాం అంటారు. వేలల్లో బిల్లవుతుంది. మూడో రోజు అదే సిగ్నల్ దగ్గర అదే బొమ్మ మళ్లీ వెలుగుతుంది. విడిభాగాలకు పేరుపడ్డ జేసీ రోడ్డు చుట్టుపక్కల ఏ మెకానిక్‌ను కదిపినా ఈ కథే బండి పేరు మార్చి చెబుతాడు. అక్కడ పని నేర్చుకునే ఐటీఐ కుర్రాడికి వచ్చే అనుమానం మాత్రం గట్టిది: "కొత్తది కూడా అదే మాట చెబుతోందంటే, పాతది అబద్ధం చెప్పలేదు కదన్నా?"

చెప్పలేదు. అది చెప్పినదాన్ని మనుషులే తప్పుగా విన్నారు. ఎక్కడ తప్పారో తెలియాలంటే బొటనవేలంత ఆ పరికరం లోపలికి చూడాలి.

కార్బురేటర్ల కాలంలో ఈ సాక్ష్యం చెప్పే పని స్పార్క్ ప్లగ్గుది. 1951లో మొదలైన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీని జనం మైకో అనే పిలిచేవారు. ఆడుగోడిలో దాని ఫ్యాక్టరీ ఉండేది. బీటీఎం పక్కనున్న మైకో లేఅవుట్‌కి ఆ పేరు అక్కణ్నుంచి వచ్చిందే. మెకానిక్ మైకో ప్లగ్గు విప్పి మొన చూసేవాడు. బిస్కెట్ రంగులో ఉంటే మిశ్రమం సరిగ్గా ఉన్నట్టు. కాటుక పట్టినట్టుంటే పెట్రోలు ఎక్కువ. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే తక్కువ. నూనె తడి కనిపిస్తే పిస్టన్ రింగులో వాల్వు సీళ్లో అరిగి ఇంజనాయిల్ లోపలికి దిగుతోందన్నమాట. మంచి సాక్షే, కాకపోతే ఎన్నో రోజుల ప్రయాణం కలగలిపి ఒకే రంగులో చెబుతుంది. ఈ క్షణంలో ఏం జరుగుతోందో దానికి తెలియదు.

ఏ క్షణం సంగతి ఆ క్షణమే చెప్పే సాక్షిని కార్లలోకి తెచ్చింది మైకో మాతృసంస్థ, జర్మనీకి చెందిన బాష్. 1976లో తయారీ మొదలైంది. మొదట పెట్టుకున్నవి వోల్వో కార్లు. (2008లో మైకో కూడా బాష్ అనే పేరులో కలిసిపోయింది.) అయితే ఆ సెన్సర్‌లోని కిటుకు కారు కోసం పుట్టింది కాదు, దీపం కోసం పుట్టింది.

19వ శతాబ్దం చివర్లో గొట్టింగెన్‌లో వాల్టర్ నెర్న్‌స్ట్ అనే రసాయన శాస్త్రవేత్త ఎడిసన్ బల్బుకి పోటీగా ఒక దీపం చేశాడు. ఎడిసన్ వాడిన కర్బన తీగ గాలి తగిలితే కాలిపోతుంది, అందుకని గాజుబుడ్డిలో గాలంతా తీసెయ్యాలి. నెర్న్‌స్ట్ జిర్కోనియాలో కొంచెం ఇట్రియా కలిపి కాల్చి, పింగాణీ పుల్ల చేశాడు. జిర్కోనియాకి మూలమైన జిర్కాన్ మన భీమిలి, కళింగపట్నం తీరాల ఇసుకలోనూ ఉంది. ఆ పుల్ల అప్పటికే ఆక్సిజన్‌తో కలిసిపోయిన పదార్థం, ఇక కాలడానికేముంది? బయటి గాలిలోనే ధగధగా వెలిగేది. ఒక్కటే చిక్కు: చల్లగా ఉంటే అందులో కరెంటు పారదు, ముందు వేడి చెయ్యాలి. టంగ్‌స్టన్ తీగ వచ్చాక నెర్న్‌స్ట్ దీపం అటకెక్కింది. ఆయనకి కార్ల పిచ్చి బాగా ఉండేదంటారు.

వేడెక్కిన పింగాణీలో కరెంటు ఎలా పారింది? లోహపు తీగలో ఎలక్ట్రాన్లు నడుస్తాయి. ఇక్కడ నడిచేవి ఆక్సిజన్ అయాన్లే. జిర్కోనియా స్ఫటికంలో ఒక్కో జిర్కోనియం పరమాణువుకి రెండేసి ఆక్సిజన్లు ఉంటాయి. ఇట్రియానికి ఆ వాటా ఒకటిన్నరే. అంటే రెండు జిర్కోనియంల చోట రెండు ఇట్రియంలు కూర్చున్నప్పుడల్లా ఒక ఆక్సిజన్ సీటు ఖాళీగా మిగులుతుంది. కిక్కిరిసిన సిటీ బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీ అయితే పక్కవాడు అందులోకి జరుగుతాడు, వాడి సీటులోకి ఇంకొకడు జరుగుతాడు. చూసేవాళ్లకి ఖాళీయే బస్సంతా తిరుగుతున్నట్టుంటుంది. 300 డిగ్రీల సెల్సియస్ దాటాక స్ఫటికంలో ఆక్సిజన్లు ఇలాగే సీట్లు మారడం మొదలుపెడతాయి.

ఈ పింగాణీని దర్జీ వేలికి పెట్టుకునే తొడుగులా మలిచి, లోపలా బయటా సన్నటి ప్లాటినం పూత పూస్తారు. తొడుగు లోపలికి బయటి గాలి వస్తుంది. అందులో ఆక్సిజన్ 21 శాతం. బయటి వైపు ఇంజను వదిలిన పొగ ఒరుసుకుంటూ పోతుంది. ఎక్కువ ఉన్న వైపు నుంచి తక్కువ ఉన్న వైపుకి ఆక్సిజన్ తోసుకురావాలని చూస్తుంది. ఆ తోపులాటే రెండు పూతల మధ్య వోల్టేజీ. అది ఎంత ఉండాలో నెర్న్‌స్ట్ 1889 నాటి సమీకరణమే చెబుతుంది. రెండు వైపులా ఉన్న ఆక్సిజన్ మోతాదుల తేడాతో దానికి పని లేదు. ఒకటి రెండోదానికి ఎన్ని రెట్లు, ఆ రెట్లకు లాగరిథం ఎంత అన్నదే లెక్క.

అసలు అందం ఇక్కడుంది. లీన్‌గా మండితే పొగలో ఒక శాతం ఆక్సిజన్ మిగిలిందనుకుందాం. లోపలి గాలిలో ఉన్నది దానికి ఇరవై రెట్లే. వోల్టేజీ 0.1 కూడా రాదు. ఇప్పుడు పెట్రోలు చిటికెడు పెంచండి. మిగిలిన ఆక్సిజన్‌ను ప్లాటినం పూత దగ్గరుండి కార్బన్ మోనాక్సైడ్‌తో, హైడ్రోజన్‌తో మండించేస్తుంది. మిగిలేది ఎంత కొంచెమంటే దశాంశం తర్వాత ఇరవై దాకా సున్నాలు పెట్టాలి. వోల్టేజీ ఒక్కసారిగా 0.9కి ఎగబాకుతుంది. ఈ దూకుడంతా ఒకే గీత దగ్గర జరుగుతుంది: కిలో పెట్రోలుకి 14.7 కిలోల గాలి. దూరం కొలవడానికి ఈ సెన్సర్ పనికిరాదు. మిశ్రమం గట్టుకి ఇటుందా అటుందా అన్నది మాత్రం తడుముకోకుండా చెబుతుంది.

కంప్యూటరుకి అది చాలు. 0.9 అని వినపడగానే పెట్రోలు తగ్గిస్తుంది, 0.1 అనగానే పెంచుతుంది. గట్టు మీద ఇలా ఊగుతూ నడిస్తేనే వెనకున్న క్యాటలిటిక్ కన్వర్టర్ కార్బన్ మోనాక్సైడ్, కాలని పెట్రోలు, నైట్రోజన్ ఆక్సైడ్లు మూడింటినీ ఒకేసారి శుభ్రం చెయ్యగలదు. లెక్క ప్రకారం పొయ్యాల్సిన పెట్రోలు మీద ఎంత కలపాల్సి వస్తోందో, ఎంత కొయ్యాల్సి వస్తోందో కంప్యూటరు రాసిపెట్టుకుంటుంది. ఆ పద్దు పేరు ఫ్యూయల్ ట్రిమ్. కూడిక హద్దు మీరితే పుట్టే కోడే పీ 0171.

సెన్సర్ పెట్రోలును చూడదు. దానికి కనిపించేది ఆక్సిజన్ ఒక్కటే. ఒక సిలిండర్‌లో ప్లగ్గు మిస్సింగ్ కొడితే, మండని పెట్రోలుతో పాటు మండని ఆక్సిజన్ కూడా గొట్టంలోకి వస్తుంది. సెన్సర్ లీన్ అంటుంది. నిజానికి అక్కడ పెట్రోలు వృథాగా పారుతోంది! సెన్సర్‌కి ముందు ఎగ్జాస్ట్ గొట్టం చీలినా అంతే. ఆ సందులోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది, మళ్లీ లీన్ అనే మాటే. చూసింది చూసినట్టు చెప్పిన సాక్షినే ముద్దాయిని చేసి ఊడబీకడం గ్యారేజీల్లో మామూలైపోయింది.

క్రాస్ ఎగ్జామినేషన్ ఎలా చెయ్యాలో పద్దు పుస్తకమే చూపిస్తుంది. పీల్చే గాలిని ఎయిర్‌ఫ్లో సెన్సర్‌తో కొలిచే కారు తీసుకుందాం. ఐడిలింగ్‌లో ట్రిమ్ +22 శాతం, ఆక్సిలరేటర్ తొక్కి 2500 ఆర్‌పీఎం దగ్గర నిలిపితే +4. ఈ రెండంకెలు చాలు. ఎయిర్‌ఫ్లో సెన్సర్ దాటాక ఎక్కడో రబ్బరు పైపు చీలింది, లెక్కలోకి రాని గాలి దొంగదారిన దూరుతోంది. పావు లీటరు పాలలో గ్లాసుడు నీళ్లు పోస్తే నాలుక వెంటనే పట్టేస్తుంది, బిందెడు పాలలో పోస్తే తెలియదు. ఐడిలింగ్‌లో ఇంజను తాగే గాలి తక్కువ కాబట్టి దొంగ గాలి వాటా ఎక్కువ, వేగం పెరిగితే అది సముద్రంలో కాకిరెట్ట. అంకెలు తిరగబడి, ఐడిలింగ్‌లో బాగుండి లోడు పడే కొద్దీ కూడిక పెరుగుతుంటే పెట్రోలు పంపునో, ఫిల్టరునో, ఇంజెక్టర్లనో అడగాలి. చిన్న కార్లు చాలావాటిలో గాలిని తూచడానికి బదులు మానిఫోల్డ్‌లో ప్రెషర్ చూసి అంచనా కడతారు. వాటిలో పైపు చీలితే ట్రిమ్ కంటే ముందు ఐడిలింగ్ వేగం పెరిగి గుట్టు బయటపెడుతుంది.

బెంగళూరు మరో రెండు మెలికలు పెడుతుంది. ఊరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, గాలి పదో వంతు పల్చన. విశాఖలో ఆరోగ్యంగా ఉన్న ఇంజను మీద వాక్యూమ్ గేజి 19 అంగుళాలు చూపిస్తే, అదే ఇంజను ఇక్కడ 16 చూపిస్తుంది. పుస్తకంలో అంకె చూసి వాల్వులు పోయాయనుకుంటే హెడ్ అనవసరంగా విప్పినట్టే. రెండోది పెట్రోలు. బంకులో దొరికేదానిలో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ అణువులోనే ఆక్సిజన్ ఉంది కాబట్టి దానికి గాలి తక్కువ చాలు, గట్టు 14.7 నుంచి దాదాపు 13.5కి జరుగుతుంది. మామూలు పెట్రోలు లెక్కకి తయారైన పాత కారులో ట్రిమ్ ఎనిమిది శాతం దాకా కూడిక చూపిస్తే బెంబేలెత్తక్కర్లేదు.

మిగతా చరిత్ర గబగబా చెప్పేసుకోవచ్చు. ప్లాటినం పూతను సీసం చంపేస్తుంది. 2000 ఫిబ్రవరిలో సీసం పెట్రోలు దేశమంతటా పోయాకే ఈ సెన్సర్లకు ఇక్కడ నిశ్చింత. ఇంజను తనను తాను పరీక్షించుకుని కోడు చెప్పే పద్ధతి మన దేశంలో 2010 ఏప్రిల్‌లో తొలి దశగా, 2013 ఏప్రిల్‌లో రెండో దశగా తప్పనిసరైంది. కన్వర్టర్ వెనక దాని పనితీరు మీద నిఘాకి ఇంకో సెన్సర్ చేరింది. 2020లో బీఎస్ 6 కాలుష్య ప్రమాణాలు వచ్చాయి. గట్టుకి ఎంత దూరంలో ఉన్నామో కూడా చెప్పే వైడ్‌బ్యాండ్ సెన్సర్లు వచ్చాయి. ఎలక్ట్రిక్ కారుకి పొగగొట్టమే లేదు.

జేసీ రోడ్డు కుర్రాడి దగ్గరికి మళ్లీ వెళ్దాం. ఆ రెండంకెలు చూశాక మేస్త్రి ఇంజను ఆన్‌లో ఉంచి, వేడి గొట్టానికి దూరంగా, గాలి పైపుల మీద కార్బ్ క్లీనర్ కొద్దికొద్దిగా స్ప్రే చేస్తాడు. మానిఫోల్డ్ వెనక వంపు దగ్గర చెయ్యి ఆగుతుంది. స్కానర్ మీద 0.1 దగ్గర పాతుకుపోయిన వోల్టేజీ 0.8కి లేస్తుంది. చీలికలోంచి ఆవిరి లోపలికి పోయి ఆక్సిజన్‌ను తినేసిందన్నమాట. వేలెడు పొడవు రబ్బరు పైపు, ఎండకీ వేడికీ బిగుసుకుపోయి మెడ దగ్గర చిట్లింది.

కుర్రాడు ఊరుకోడు. మొన్న ఊడబీకిన పాత సెన్సర్‌ను వైస్‌లో బిగించి, తీగలకు మల్టీమీటర్ తగిలించి, మొన చుట్టూ గ్యాస్ టార్చ్ మంట పెడతాడు. మొన ఎర్రబడే దాకా అంకె కదలదు. తర్వాత 0.8 దాటుతుంది. మంట పక్కకి తీస్తే సెకనులోపు 0.1కి పడిపోతుంది. మళ్లీ పెడతాడు, మళ్లీ లేస్తుంది. నాలుగోసారికి మేస్త్రి కేక వేస్తాడు: "చాలప్పా, గ్యాస్ అయిపోతుంది. దాన్ని గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టు, పారెయ్యొద్దు."