శిక్ష – శిక్షణ

సంస్కృతమున ‘శిక్ష’ యనగా విద్య. తెలుగు వాడుకలో దండన. ఈ రెండర్థములును కలియవలసిన చోటు చెరసాల.

స్వేచ్ఛను కోల్పోవుటయే ఖైదీకి బాధ. దానిని అధికారులు పెంచరాదని 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన నెల్సన్ మండేలా నియమావళి చెప్పుచున్నది. శిక్షణ ముగించి పరీక్షలో నెగ్గినవారినే కొలువున చేర్చుకొనవలెననియు నందు గలదు. తాళములు సరిచూచుట, ఖైదీలను లెక్కించుట వలెనే కలహమును మాటలతో చల్లార్చుట, ప్రథమచికిత్స చేయుట, మనోవ్యథను గుర్తించుటయు నేర్వవలసిన విద్యలే. ఇట్టి శిక్షణకై దక్షిణ రాష్ట్రములు కలిసి 1979లో వేలూరున ఒక విద్యాలయమును నెలకొల్పినవి.

ఖైదీ యొకనాడు మన వీథికే తిరిగివచ్చును. ద్వేషము నేర్చి వచ్చునా, మర్యాద నేర్చి వచ్చునా యన్నది చాలవరకు కావలివాని నడవడిని బట్టి యుండును. బడిపిల్లల నెరిగిన ఉపాధ్యాయులకు ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు.