సైకిలుకి కరెంటు హారను

సైకిలుకి ఉన్న బెల్లు చాలదా? ఇంటి సందులో అయితే చాలును. నరసన్నపేట దగ్గర జాతీయ రహదారి పక్కన సైకిలు నడిపేవాళ్లని అడిగితే వేరే మాట చెబుతారు. అది చెన్నై నుంచి కోల్‌కతా పోయే రోడ్డు. దాని పాత నంబరు 5. ఇప్పుడు 16. లారీలు, బస్సులు రాత్రీ పగలూ పోతుంటాయి. ఆ రొదలో బెల్లు ఎంత మోగించినా ముందు నడిచే మనిషికి వినబడదు.

పోలాకి వైపు నుంచో, జలుమూరు వైపు నుంచో క్యారేజీ మీద బరువు పెట్టుకొని వచ్చే ఆడమనిషికి ఇంకో ఇబ్బంది. బరువున్న సైకిలు టక్కున ఆగదు. అడ్డం వచ్చినవాళ్లు ముందే తప్పుకోవాలి. తప్పుకోవాలంటే వాళ్లకి వినబడాలి. అందుకే కొందరు సైకిలుకి చిన్న కరెంటు హారను కట్టుకుంటారు. ఇది ఇంట్లోనే కట్టుకోవచ్చు.

"ఆడదానికి సైకిలేటి, సైకిలుకి హారనేటి" అనేవాళ్లు ఉంటారు. తమిళనాడులో పుదుక్కోట్టై అనే జిల్లా ఉంది. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం జరిగింది. అప్పటి జిల్లా కలెక్టరు కూడా ఒక స్త్రీయే. ఆమె పేరు షీలారాణి చుంకత్. అక్కడ అక్షరాలతో పాటు సైకిలు కూడా నేర్పించారు. వేల మంది ఆడవాళ్లు నేర్చుకున్నారు. వాళ్లలో కూలి పనికి వెళ్లేవాళ్లు, క్వారీల్లో రాళ్లు కొట్టేవాళ్లు కూడా ఉన్నారు. బస్సు కోసం గంటలు గంటలు కాచుకునే బాధ చాలామందికి తప్పింది.

ఇక పని సంగతి. కావలసినవి ఇవి: ఒక బజరు, నాలుగు పెన్సిల్ సెల్లు, ఆ నాలుగూ పట్టే ప్లాస్టిక్ పెట్టె, ఒక నొక్కుడు స్విచ్, రెండు మీటర్ల సన్నటి వైరు, నల్ల టేపు, పాత సైకిలు ట్యూబు ముక్కలు. అన్నీ ఎలక్ట్రికల్ షాపులో, రేడియో రిపేరు షాపులో దొరుకుతాయి. ట్యూబు ముక్క సైకిలు షాపులో ఊరికే ఇస్తారు.

బజరు కొనేటప్పుడు దాని మీద రాసింది చదవాలి. "డి.సి." అని ఇంగ్లీషులో రెండు అక్షరాలుంటాయి. పక్కన 3 నుంచి 24 అని అంకెలుంటాయి. అంటే 3 వోల్టుల నుంచి 24 వోల్టుల దాకా అది పనిచేస్తుంది. ఒక్కో సెల్లు ఒకటిన్నర వోల్టు. నాలుగు కలిపితే 6 వోల్టులు. సరిపోయింది. అంకెలు కనబడకపోతే షాపులోనే సెల్లు తగిలించి మోగించి చూపించమని అడగాలి. మొహమాటం అక్కర్లేదు. డబ్బు ఇచ్చేది మనమే కదా.

స్విచ్ కూడా చూసి కొనాలి. లైటుకి వేసే స్విచ్ పనికిరాదు. దాన్ని ఒకసారి వేస్తే వేసినట్టే ఉంటుంది. మరిచిపోతే సెల్లు మొత్తం అయిపోద్ది. కాలింగ్ బెల్లుకి పెట్టే నొక్కుడు స్విచ్ తీసుకోవాలి. నొక్కినంతసేపే మోగుతుంది. వేలు తీస్తే ఆగిపోద్ది.

అసలు ఇది ఎలా మోగుతుంది? పొలం కాలువకి మదుము ఉంటుంది. మదుము ఎత్తితే నీరు పారుతుంది, దించితే ఆగుతుంది. స్విచ్ పని అదే. అయితే ఒక తేడా ఉంది. కాలువ నీరు పొలంలో ఇంకిపోద్ది. కరెంటు అలా కాదు. సెల్లులో బయలుదేరి, స్విచ్ దాటి, బజరులోంచి పోయి, మళ్లీ సెల్లుకే చేరాలి. దారిలో ఎక్కడ తెగినా అంతా ఆగిపోతుంది. బజరు లోపల పల్చటి రేకు ఒకటి ఉంటుంది. కరెంటు అందితే ఆ రేకు సెకనుకి వేల సార్లు అదురుతుంది. డప్పు మీద తోలు అదిరితే మోత వచ్చినట్టే, ఈ రేకు అదిరితే కూత వస్తుంది.

ముందుగా అరుగు మీద పెట్టి కలిపి చూడాలి. సైకిలు సంగతి తర్వాత. వైరు చివర ప్లాస్టిక్ తొక్క ఒక అంగుళం వలిచి, లోపలి రాగి పోగుల్ని మెలిపెట్టాలి. సెల్లు పెట్టె నుంచి ఎర్ర వైరు ఒకటి, నల్ల వైరు ఒకటి వస్తాయి. పెట్టె ఎర్ర వైరుని స్విచ్ ఒక మరకి బిగించాలి. స్విచ్ రెండో మర నుంచి వైరు తీసి బజరు ఎర్ర వైరుకి కలపాలి. బజరు నల్ల వైరుని పెట్టె నల్ల వైరుకి కలపాలి. అంతే, చుట్టు పూర్తయింది. పెట్టెలో సెల్లు పెట్టేటప్పుడు + గుర్తుకి సెల్లు బుడిపె వైపు రావాలి. నొక్కితే కూత పెట్టాలి. అప్పుడు ప్రతి అతుకు మీదా నల్ల టేపు గట్టిగా చుట్టాలి.

ఇంటి కరెంటుకి దీన్ని ఎప్పుడూ తగిలించకూడదు. ఇంట్లో వచ్చేది 230 వోల్టులు. బజరు మాడిపోవడం చిన్న మాట. మనిషి ప్రాణమే పోతుంది. సెల్లు కరెంటు చేత్తో ముట్టుకున్నా ఏమీ కాదు. పిల్లలకి ఈ తేడా ముందే చెప్పాలి.

ఇప్పుడు సైకిలుకి కట్టాలి. బజరుని హ్యాండిల్ ముందు, కన్నం కాస్త కిందికి వంగేలా కట్టాలి. లేకపోతే వాన నీరు లోపలికి పోతుంది. సెల్లు పెట్టెని పాలిథీన్ కవరులో చుట్టి, ఫ్రేము కడ్డీకి ట్యూబు ముక్కతో బిగించాలి. ట్యూబు జారదు, తాడు జారుతుంది. స్విచ్‌ని చిన్న చెక్క ముక్కకి బిగించి, ఆ చెక్కని హ్యాండిల్‌కి కట్టాలి. చెయ్యి తియ్యకుండా బొటనవేలికి అందాలి. బ్రేకు వదిలేసి హారను కోసం వెతుక్కుంటే ప్రమాదం. వైరు బ్రేకు కడ్డీల్లో ఇరుక్కోకూడదు. హ్యాండిల్ ఇటూ అటూ పూర్తిగా తిప్పి చూసి, లాగకుండా కొంచెం వదులు ఉంచాలి.

మోగకపోతే? సెల్లు తిరగేసి పెట్టారేమో చూడాలి. ఎర్ర, నల్ల వైర్లు తారుమారయ్యాయేమో చూడాలి. అయినా మోగకపోతే స్విచ్ దగ్గర రెండు వైర్లూ విప్పి ఒకదానికొకటి ఆనించాలి. మోగితే తప్పు స్విచ్‌ది. మోగకపోతే సెల్లులోనో, అతుకులోనో తేడా ఉంది. ఇంత తెలిస్తే చిన్నదానికీ పెద్దదానికీ షాపుకి పరుగెత్తక్కర్లేదు.

హారను ఉంది కదా అని బెల్లు తీసేయకూడదు. సెల్లు అయిపోయిన రోజున బెల్లే దిక్కు. ఇంకో సంగతి. లారీ డ్రైవరు ఎత్తున కూర్చుంటాడు, ఇంజను మోతలో ఉంటాడు. మన బజరు అతనికి వినబడదు. ఇది నడిచేవాళ్లకి, సైకిళ్లవాళ్లకి, సందు మలుపుల్లో ఎదురొచ్చేవాళ్లకి. లారీ వస్తే పక్కకి తప్పుకోవడమే. గేదెల వెనక చేరి కూత పెట్టకూడదు. బెదిరిన గేదె ఎటు తిరుగుతుందో దానికే తెలీదు.

పాత సెల్లు, కొత్త సెల్లు కలిపి వాడకూడదు. మార్చితే నాలుగూ మార్చాలి. సైకిలు చాలా రోజులు తియ్యకపోతే సెల్లు బయటికి తీసి ఉంచాలి. లేకపోతే రసం కారి పెట్టె రేకులు తుప్పు పడతాయి. అయిపోయిన సెల్లు పొయ్యిలో వేస్తే పేలుతాయి. పిల్లల చేతికి ఇవ్వకుండా వేరే డబ్బాలో దాచి, కొత్తవి కొనేటప్పుడు షాపులో తీసుకుంటారేమో అడగాలి.