వాసన లేని గ్యాసుకు రంగు మార్చే కాపలా

అనకాపల్లి: వంటింట్లో గ్యాసు కారితే ముందుగా ముక్కుకు తెలుస్తుంది. నిజానికి ఆ కంపు గ్యాసుది కాదు. జనం పసిగట్టాలని కంపెనీల వారు కలిపే మందుది. హైడ్రోజన్‌కు ఆ వీలు లేదు. వాసన మందులోని గంధకం, హైడ్రోజన్‌తో కరెంటు తీసే ఫ్యూయల్ సెల్‌ను పాడుచేస్తుంది. ఈ వాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. అంటుకున్నా పట్టపగలు దాని మంట కంటికి సరిగా ఆనదు. గాలిలో నూటికి 4 పాళ్లు చేరిందా, చిన్న నిప్పురవ్వ చాలు.

జిల్లాలోని పూడిమడక వద్ద ఎన్.టి.పి.సి. వారి హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ తయారుచేయాలన్నది లక్ష్యం. పూడిమడక చేపల వేట మీద బతికే ఊరు. గ్యాసు కారితే ఎలా తెలుస్తుందని అక్కడివారు అడిగితే తప్పు పట్టవలసింది లేదు. 2019 జూన్ 10న నార్వేలో, ఓస్లో నగరానికి దగ్గరలోని ఒక హైడ్రోజన్ బంకులో ట్యాంకు బిగింపు సరిగా లేక గ్యాసు కారి పేలింది.

అదే ఏడాది పొరుగున ఉన్న స్వీడన్‌లో, గోథెన్‌బర్గ్‌లోని చాల్మర్స్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు ఇందుకొక ఉపాయం చూపారు. పల్లాడియం అనే ఖరీదైన లోహం హైడ్రోజన్‌ను దూది నీటిని పీల్చినట్లు పీలుస్తుంది. తన ఘనపరిమాణానికి వందల రెట్లు పీల్చగలదని థామస్ గ్రాహం 1866లోనే కనుగొన్నారు. ఆ లోహానికి బంగారం కలిపి, వెంట్రుక మందంలో వందో వంతు కూడా లేని నలుసులుగా చేశారు. వెలుగు పడినప్పుడు ఈ నలుసుల్లోని ఎలక్ట్రానులు ఊగి, ఒక రంగు కాంతిని ఎక్కువగా పట్టుకుంటాయి. హైడ్రోజన్ లోపలికి చేరగానే ఆ రంగు మారుతుంది. దాన్ని యంత్రం కనిపెట్టి హెచ్చరిస్తుంది. నలుసుల దగ్గర పని అంతా వెలుగుతోనే కాబట్టి అక్కడ కరెంటు నిప్పురవ్వ పుట్టే బెడద లేదు.

వట్టి పల్లాడియం అయితే ఒకసారి పీల్చిన గ్యాసును సులువుగా వదలదు, లెక్క తప్పుతుంది. బంగారం కలిపింది అందుకే. పైన పలుచటి ప్లాస్టిక్ పూత కూడా వేశారు. అది ఇతర వాయువులను ఆపుతుంది, హైడ్రోజన్‌ను మాత్రం లోపలికి త్వరగా పోనిస్తుంది. గాలిలో వెయ్యింట ఒక పాలు హైడ్రోజన్ ఉన్నా సెకను లోపే పట్టేసింది. అంటే అంటుకునే మోతాదులో నలభయ్యో వంతు అన్నమాట!

గాలిలోని తేమ మాత్రం పల్లాడియం పరికరాలకు పాత శత్రువే. చెమ్మ పట్టితే చురుకు తగ్గుతుంది. సముద్రపు గాలి తగిలే చోట ఇలాంటిది పెట్టాలంటే, ముందు ఆ గాలిలోనే పరీక్షించి చూడవలసి ఉంటుంది.