గూడబాతుల పురిటియిల్లు

పిట్టలను చూచుటకై ప్రయాణము చేయుట పనిలేనివారి పనియని మన యిండ్లలో పెద్దలనుట కలదు. పిట్టలు మన పెరటిలో లేవా, చింతచెట్టుపై లేవా యని వారి ప్రశ్న. ప్రశ్న సమంజసమే. కాని వందలకొలది పక్షులు ఒక్కచోట కాపురము పెట్టి, గ్రుడ్లు పొదిగి, పిల్లలను సాకి పెద్దచేయు తావును కన్నులార చూచిన గృహిణి ఆ మాట మరల ననదు.

మా చక్రాయపేట మెట్టసీమ. గండిక్షేత్రముకడ కొండలను చీల్చుకొని పోవు పాపఘ్నిలో నీటికంటె నిసుకయే తరచుగా కనబడును. వాన కురిసిన యేట చెరువులో నాలుగు కొంగలు వ్రాలినచో నదియే మాకు పండుగ. అందుచే సంక్రాంతి సెలవులు రాగానే కడప, తిరుపతుల మీదుగా సూళ్లూరుపేట చేరి, మరునాడు తెల్లవారకమునుపే దొరవారిసత్రము సమీపముననున్న నేలపట్టు పక్షి సంరక్షణ కేంద్రమునకు పోయితిమి.

ఈ ప్రదేశమును 1976 వ సంవత్సరమున ప్రభుత్వము పక్షుల అభయస్థానముగా ప్రకటించెను. విస్తీర్ణము సుమారు 459 హెక్టార్లు. అందు పొదలతో నిండిన అడవియు నున్నదిగాని, దానికి ప్రాణము చెరువు. ఆ చెరువులో నీట నిలిచియు కుళ్లక బ్రదుకగల చెట్లున్నవి. వానిని అచ్చటివారు కడప చెట్లందురు. మా జిల్లా పేరు ఆ చెట్టునకు వినబడుటతో పరాయియూరిలో పుట్టింటివారు ఎదురైనట్లు తోచినది. మొదలు నీటిలో నుండుటచేత పిల్లులును నక్కలును ఆ కొమ్మలను చేరలేవు. కావుననే పక్షులకు నది పురిటియిల్లైనది.

తూరుపు తెల్లనగుసరికి చూపు గోపురమెక్కితిమి. మొదట చెట్లపై మంచు పేరుకొనినట్లుండెను. వెలుతురు హెచ్చగా ఆ తెల్లదనమంతయు గూడబాతులై కదలెను. బూడిదవన్నె రెక్కలు, పొడవైన ముక్కు, దాని క్రింద వ్రేలాడు తోలుసంచి. రైతు గూడవేసి నీరు తోడినట్లు ఈ పక్షి ఆ సంచితో నీటిని ముంచి, నీటిని వెడలగొట్టి చేపలను మ్రింగును. చూచుటకు బరువైన పక్షి. గాలిలో తేలునప్పుడు మాత్రము దూదిపింజ. వీనితోడ కంకణాల పిట్టలు, నీటికాకులు, నత్తగుల్లకొంగలు కూడ అవే చెట్లను పంచుకొని గూళ్లు కట్టుకొనుచున్నవి. నత్తగుల్లకొంగ ముక్కు మూసినను నడుమ సందుండును. నత్తలను పట్టి తినుటకు ప్రకృతి యిచ్చిన పనిముట్టది.

ఈశాన్య ఋతుపవనములతో చెరువు నిండగా గూడబాతులు వచ్చి గూళ్లు కట్టును. వాన తప్పిన యేడు గూళ్లును తక్కువ. సామాన్యముగా మూడు నాలుగు గ్రుడ్లు పెట్టును. ఆలుమగలు వంతులవారీగా నెలదినములు పొదుగును. పిల్ల తన తలను తల్లి గొంతులోనికి దూర్చి ఆహారము తీసికొనునప్పుడు, మా ప్రక్కనున్న యొక ముసలమ్మ "మింగేస్తాందేమో తల్లీ" యని కంగారుపడినది. పక్షుల రెట్ట కలిసిన ఈ చెరువు నీరు క్రింది పొలములకు మంచి యెరువు. అందుచే ఊరివారికిని పక్షులకును పొత్తు కుదిరినది.

అంతలో కెమేరాలతో వచ్చిన యువకులు కొందరు, పక్షులు గుంపుగా నెగురునట్టి ఛాయాచిత్రము కావలెనని చప్పట్లు చరచి కేకలువేసిరి. దగ్గరి చెట్టుపైని పక్షులన్నియు లేచిపోయెను. వారికి చిత్రము దొరకెను. గూళ్లలో వెండ్రుకలైన రాని పసిగూనలు ఎండకు బయలుపడెను. వెంటనే కాకులు దిగెను. కావలివాడు పరుగున వచ్చి వారిని మందలించి దింపివేసెను. బాలింతను మంచముపైనుండి లేపి ఫొటో తీయుదుమనిన మనమూరకుందుమా?

ఈ విషయమున మా కడప జిల్లా నేర్పిన పాఠమొకటి కలదు. 1900 తరువాత ఎవరికిని కనబడక, అంతరించెనని శాస్త్రజ్ఞులు తలచిన కలివికోడి 1986 జనవరిలో లంకమల అడవుల దాపున మరల దొరకెను. రాత్రివేళ దీపపు వెలుగున గ్రామస్థుడొకడు దానిని చేతపట్టెను. దొరకినదను సంతోషము తీరకముందే ఆ పక్షి మరణించినది. తరువాతి పరిశోధకులు పొదల నడుమ మెత్తని మన్ను పరచి అడుగుజాడలు చూచియు, పక్షి కదలినంతనే తమంత తామే చిత్రము తీయు కెమేరాలను అమర్చియు దాని యునికిని కనుగొనిరి. పట్టిన చేయి చంపినది. పట్టని కన్ను కాపాడినది. కెమేరా చెడ్డది కాదు, దాని వెనుకనున్న తొందర చెడ్డది.

నైషధకథలో హంసదౌత్యమును మనమందరము మెచ్చుకొందుము. కాని ఆ దౌత్యమునకు ముందు నలుడు హంసను పట్టినాడు. అది ముసలితల్లిని, ఆలిని, పసికూనలను తలచి విలపింపగా విడిచినాడు. విడిచినందుననే దమయంతి లభించినది.

పిల్లలతో పోదలచిన సోదరీమణులకు నాలుగు మాటలు. కార్తికమునుండి మాఘమువరకు మంచి కాలము. సూర్యోదయమునకే చేరుడు. మెరయు చీరలకంటె మట్టివన్నెవి, ఆకువన్నెవి మేలు. గాజుల గలగల కూడ తగ్గించుకొనుడు. దుర్భిణి యుండిన చాలును. చేతిఫోనుతో చిత్రము తీయదలచినచో సూర్యుని వీపువైపుంచుకొని, మెరుపుదీపమును చప్పుడును ఆపి, నిలిచిన చోటనే తీయుడు. పక్షి తలయెత్తి మనవైపు చూచెనా, మనమొక యడుగు వెనుకకు పోవలెనని తెలిసికొనుడు. తినుబండారముల సంచులను తిరిగి యింటికి తెచ్చుకొనుడు.

అంతదూరము పోలేనివారు విచారింపనక్కరలేదు. ఊరి చెరువుగట్టున తుమ్మచెట్టుపై కొంగ గూడు కట్టినచో, పిల్లలు రాళ్లు రువ్వకుండ చూచి, దూరమునుండి ప్రతిదినము చూపించి, గ్రుడ్డు మొదలు రెక్కవచ్చువరకు దినములు లెక్కింపజేయుడు. తల్లి యోపిక యెట్టిదో వారికి వేరుగ చెప్పనక్కర లేదు.