పేరొకటే... కథ వేరు!

'చివరకు మిగిలేది' అనగానే 1960లో సావిత్రి నర్సుగా నటించిన సినిమాయే గుర్తొస్తుంది కదూ! అది బెంగాలీ చిత్రానికి తెలుగు రూపం. అంతకు ముందే, 1946-47లో సీరియల్‌గా వచ్చిన బుచ్చిబాబు నవలకీ దానికీ పేరొక్కటే పోలిక.

నవలలో హీరో దయానిధి డాక్టరు. తల్లి మీద లోకం వేసిన నింద అతణ్ణి నీడలా వెంటాడుతుంది. తప్పు తనది కాదు, సిగ్గు మాత్రం తనదే! కోస్తా వదిలి మన రాయలసీమకొచ్చి వైద్యం మొదలెడతాడు. ఊరు మారింది గానీ గుండెల్లో బరువు దిగలేదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం కుర్రకారూ! ఏదో తప్పు జరిగిపోయిందని బెంగుళూరు బస్సో రైలో ఎక్కేద్దామనుకుంటున్నారా? ముందీ నవల చదవండి. టిక్కెట్టు కొంటే ఊరు మారుతుందంతే. తనను తాను మన్నించుకున్నాకే మనిషికి కొత్త బతుకు!